అద్దంలో వెనక నిలబడ్డవాళ్ళు

నా కుడిచెయ్యి వింధ్య పర్వతాల దగ్గర ఆగిపోయిన ఏడాది జరిగిన సంగతి ఇది. నేను యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చెబుతాను. క్లాసుల్లో తెర మీద పటాలు చూపించే సౌకర్యం వచ్చాక కూడా భారతదేశాన్ని బోర్డు మీద చేత్తో గీసి చెప్పడమే నాకు అలవాటు. ఆ ఏడాది భుజం పట్టేసింది. కన్యాకుమారి నుంచి పైకి గీసుకుంటూ వస్తే నర్మద దాటాక చెయ్యి లేచేది కాదు. మిగతా దేశాన్ని ముందు వరసలోని పిల్లల్లో ఎవరో ఒకరు లేచి వచ్చి పూర్తి చేసేవాళ్ళు. వాళ్ళు గీసే కాశ్మీరు రోజుకో ఆకారంలో ఉండేది. వాళ్ళతోపాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే, నా వెనక వీళ్ళు ఇంకేం అనుకుంటున్నారో అని చెవి అటు వేసి ఉంచేదాన్ని.

ఫిజియోథెరపీ చేసిన డాక్టరమ్మ చివరికి, "నొప్పి తగ్గిందండీ, బలమే లేదు. ఇక నా దగ్గరికి రావడం దండగ. జిమ్‌లో చేరండి," అంది.

"ఇంట్లో చేసుకుంటానండీ," అన్నాను.

"అందరూ అలాగే అంటారు," అని నవ్వి తరువాతి పేషెంటును పిలిచింది.

నలుగురి ముందు ఒళ్ళు కదిలించడమంటే నాకు చిన్నప్పటి నుంచీ చచ్చేంత బిడియం. బడిలో ఆటల పీరియడ్ వస్తే కడుపునొప్పి అని చెప్పి క్లాసులో కూర్చునేదాన్ని. బస్సు కదిలిపోతున్నా పరిగెత్తేదాన్ని కాదు, ఇంకో బస్సు వచ్చేదాకా నిలబడేదాన్ని. పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఏ జంకూ లేదు. అక్కడ అందరూ చూసేది నా మాటల్ని, నా పటాల్ని. చీర కుచ్చిళ్ళు సరిగ్గా ఉంటే చాలు, మిగతా నన్ను ఎవరూ పట్టించుకోరన్న ధీమా. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, బిగుతు ప్యాంటు వేసుకుని అద్దాల ముందు వంగి లేవడమంటే ఆ ధీమా మొత్తం ఇంట్లో వదిలేసి వెళ్ళడమే.

క్యాంపస్‌లోనే జిమ్ ఉంది. కానీ అది నిండా నా విద్యార్థులే. అందుకని ఇంటికి దగ్గర్లో, తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తులో ఉన్న జిమ్ చూసుకున్నాను. పొద్దున్నే తెరుస్తారు. హాస్టల్ పిల్లలు ఆ వేళకు లేవరని నా లెక్క.

మా ఆయన కాఫీ కలుపుతూ, "నిన్నెవరు చూస్తారక్కడ? ఎవరి గోల వాళ్ళది," అన్నాడు.

"మీకేం తెలుసు? మీరెప్పుడైనా వెళ్ళారా?"

"వెళ్ళలేదు. అందుకే ధైర్యంగా చెబుతున్నాను," అన్నాడాయన.

మొదటిరోజు మెట్లెక్కుతుంటే కింద నుంచి దోసెల వాసన, పైనుంచి ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు. లోపలికి అడుగుపెట్టగానే నాకు కనిపించింది మనుషులు కాదు, అద్దాలు. మూడు గోడల నిండా అద్దాలే. ఎటు తిరిగినా ఒకేసారి ముగ్గురు నేనులు. మోకాళ్ళదాకా వచ్చే కాటన్ కుర్తా, కింద ట్రాక్ ప్యాంటు, కొత్త తెల్ల బూట్లు. ఆ బూట్ల తెలుపే నన్ను పట్టించేస్తోందనిపించింది. అద్దంలో నా వెనక ఇద్దరు కుర్రాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. దేనికి నవ్వారో వినపడలేదు. నా బూట్లకే అని తేల్చుకున్నాను.

కోచ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా చేతులు పగిలిపోతాయేమో అన్నంత కండలు. నోరు మాత్రం వెన్న.

"రండి ఆంటీ, రండి! ఫస్ట్ టైమా?"

"మేడమ్ అనండి," అన్నాను.

"సారీ మేడమ్. మీరేం పరేషాన్ గాకండి. నేనున్న గద. మీకు ఒక్కటొక్కటి చూపిస్త."

చూపించాడు కూడా. నీళ్ళసీసా అంత బరువున్న గులాబీరంగు డంబెల్ చేతికిచ్చి, భుజం ఎంతవరకు లేస్తుందో చూసి, అక్కడే ఆపమన్నాడు. లేచిన ప్రతిసారీ "సూపర్ మేడమ్!" అని హాలంతా వినబడేట్టు అరిచేవాడు. ఆ అరుపుకు తలలు తిరుగుతాయని నాకు భయం. కానీ ఆ గదిలో నా పక్షాన ఉన్నది ఇతనొక్కడే అన్న నమ్మకం కూడా ఆ మొదటిరోజే కుదిరిపోయింది. మెచ్చుకునేవాడిని అనుమానించడం ఎవరికీ చేతకాదు.

మిగతా అందరినీ అనుమానించాను. ట్రెడ్‌మిల్ మీద నడిచే పెద్దాయన నేను పక్కదాని మీదికి ఎక్కగానే దిగిపోయాడు. చెమట వాసన వస్తోందా నా దగ్గర? నీళ్ళ కూలర్ దగ్గర ఒక యువకుడు నన్ను చూసి తల ఊపాడు. పలకరింపా, వెటకారమా? నేనొక యంత్రం మీద తప్పు వైపు తిరిగి కూర్చుంటే ఎవరో వచ్చి, "మేడమ్, అది గట్ల కాదు, గిటు తిరిగి కూసోవాలె," అని చెప్పి వెళ్ళిపోయాడు. అతను ఎంత మర్యాదగా చెప్పినా, ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి పప్పు కలుపుతూ ఆ 'గట్ల కాదు' అన్న మాటను మళ్ళీ మళ్ళీ నమిలాను. ఇంటికి వెళ్ళి వాళ్ళావిడకు చెప్పి నవ్వి ఉంటాడు అనుకున్నాను.

అయినా వెళ్తూనే ఉన్నాను. మానేస్తే భుజం మళ్ళీ బిగుసుకుపోతుందన్న భయం ఈ బిడియం కంటే కొంచెం పెద్దది, అంతే. మూలన ఒక స్తంభం ఉండేది. దాని వెనక నిలబడితే రెండు అద్దాల నుంచి తప్పించుకోవచ్చు. అదే నా చోటు చేసుకున్నాను.

అలా ఒక నెల గడిచిందేమో. ఒక పొద్దున స్తంభం వెనక చేతులెత్తి దించుతూ అద్దంలోకి చూస్తే, వెనక నా విద్యార్థిని కనిపించింది.

ఎం.ఏ. మొదటి సంవత్సరం. చివరి బెంచీ, కిటికీ పక్కన. క్లాసుకు వచ్చిన రోజుల కన్నా రాని రోజులే ఎక్కువ. అంతకు కొన్ని రోజుల ముందే ఆమెను నిలబెట్టి, "అసలు చదువుకునే ఉద్దేశం ఉందా, లేదా?" అని అందరి ముందూ అడిగాను. ఏం మాట్లాడకుండా నిలబడింది. ఆ అమ్మాయి ఇప్పుడు జుట్టు బిగించి కట్టుకుని, భుజాల మీద నా బరువంత ఉన్న రాడ్ పెట్టుకుని కూర్చుని లేస్తోంది. అద్దంలో నన్ను చూసింది. నేనూ అద్దంలోనే చూశాను. ఇద్దరం తల తిప్పలేదు. పలకరించుకోలేదు.

ఆ తరువాతి పొద్దున ఆమె ఫోన్‌ను డంబెల్స్ పెట్టే స్టాండుకు ఆనించి నిలబెట్టింది. కెమెరా కన్ను నా స్తంభం వైపు ఉంది. ఆమె బరువు దించిన ప్రతిసారీ వెళ్ళి ఫోన్ తీసి చూసుకుని, మళ్ళీ పెట్టేది. ఒకసారి చూస్తూ నవ్వింది.

కారణం వెతుక్కోనవసరం కూడా లేదు. క్లాసులో పరువు తీశాను, ఇక్కడ బదులు తీర్చుకుంటోంది. చేతిలో డంబెల్ అక్కడే పెట్టేసి ఇంటికొచ్చేశాను.

తరువాత క్లాసులో జరిగినవన్నీ నా అనుమానానికి సాక్ష్యాలే అయ్యాయి. జారిపడిన మార్కర్ తియ్యడానికి వంగితే వెనక నుంచి కిచకిచమన్నారు. లేచి తిరిగేసరికి అందరూ పుస్తకాల్లో తలలు పెట్టేశారు. ఇంకో రోజు కారిడార్ మలుపు తిరుగుతుంటే, ఒక అబ్బాయి స్నేహితుల ముందు రెండు చేతులూ తలపైకెత్తి, బరువు మోస్తున్నట్టు మొహం వంకర పెట్టి నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఎత్తిన చేతుల్ని దించుకునే దారి లేక తల గోక్కున్నాడు. "గుడ్ మార్నింగ్ మేడమ్," అన్నారందరూ ఒకే గొంతుతో. అంత కలిసికట్టు గుడ్ మార్నింగ్ నా ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదు.

స్టాఫ్‌రూములో పక్క టేబుల్ ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "ఏంటండీ, ఈ మధ్య మీరు బాగా ఫేమస్ అయిపోయారట?" అంది.

"దేనికి?"

"ఏమో మరి, పిల్లలు అనుకుంటుంటే విన్నాను," అని డబ్బాలోంచి గోంగూర పచ్చడి నా ప్లేటులో వేసింది. ఆవిడ మొహంలో ఏముందో చదవడానికి ప్రయత్నించాను. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకకపోవడం ఇంకా అనుమానంగా అనిపించింది.

చివరి బెంచీ అమ్మాయి మాత్రం ఏ నవ్వులోనూ కలిసేది కాదు. క్లాసులో నావైపు చూసేదే కాదు. నేరం చేసినవాళ్ళు అలాగే ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను.

మా ఆయనకు చెబితే, "ఊహించుకుంటున్నావేమో, అడిగెయ్యరాదూ?" అన్నాడు. అడిగితే లేదంటుంది. లేదంటే నమ్మను. అలాంటప్పుడు అడగడం దేనికని ఊరుకున్నాను. కానీ మరుసటి పొద్దున మళ్ళీ ఫోన్ నా స్తంభం వైపు తిరిగేసరికి నా వల్ల కాలేదు. ఆమె పని ముగించుకుని వెళ్ళేదాకా బూట్ల లేసులు కట్టుకుంటున్నట్టు నటించి, వెనకే వెళ్ళి మెట్ల మీద ఆపాను.

"ఒక్క నిమిషం. నా వీడియోలు ఎందుకు తీస్తున్నావు?"

ఆమె ఆగి వెనక్కి తిరిగింది. "నేనా మేడమ్? మీది నేనెందుకు తీస్త?"

"నాకు కళ్ళున్నాయమ్మా. రోజూ ఫోన్ నావైపే పెడుతున్నావు."

"మీ దిక్కు కాదు మేడమ్, నా దిక్కు పెడుతున్న!" అని గొంతు పెంచింది. కింద టిఫిన్ సెంటర్లో ప్లేట్లు కడుగుతున్న మనిషి తలెత్తి చూశాడు. ఆమె జేబులోంచి ఫోన్ తీసి, తెరిచి నా చేతిలో పెట్టింది. "చూడుండ్రి. మొత్తం చూడుండ్రి."

చూశాను. వరసగా అన్నీ ఆమె వీడియోలే. పక్క నుంచి తీసినవి. కూర్చుంటోంది, లేస్తోంది. ఒకటి రెండింటిలో చివర నా మోచెయ్యి, కుర్తా అంచు పడ్డాయి. అంతకు మించి నేను ఎక్కడా లేను.

"నడుము వంగుతున్నదా లేదా చూసుకోనీకి మేడమ్. ఎస్సై సెలక్షన్‌కు తయారైతున్న. షాట్‌పుట్ దూరం పోతలేదు. కాళ్ళల్ల దమ్ము ఉండాలన్నరు. గందుకే క్లాసుకు కూడ సరిగ్గ వస్తలేను. పొద్దుగాల గీడ, మళ్ళ గ్రౌండు, మళ్ళ కోచింగు." ఊపిరి తీసుకుంది. "మీరు అడిగిననాడు చెప్దామనుకున్న. అందరి ముంగట ఏం చెప్తనని ఊకున్న."

ఫోన్ తిరిగి ఇచ్చేశాను. కానీ అనుమానం ఒక్కసారిగా వదిలేది కాదు కదా. "మరి క్లాసులో అందరూ ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగాను.

ఆమె చూపు దించింది. "మీకు నిజంగనే తెల్వదా మేడమ్?"

"ఏం తెలియాలి?"

ఆమె ఫోన్లోనే ఇంకేదో వెతికి నాకు చూపించింది. అది ఆ జిమ్ వాళ్ళు ఇంటర్నెట్‌లో నడుపుకునే పేజీ. అందులో కండలు తిరిగిన కుర్రాళ్ళ బొమ్మల మధ్య నేను. గులాబీరంగు డంబెల్ పట్టుకుని, కుర్తా భుజాల దగ్గర చెమటతో తడిసి, పళ్ళ బిగువున చెయ్యి పైకెత్తుతున్నాను. కింద 'వయసు అడ్డు కాదు! ఆంటీ పవర్!' అని రాసి ఉంది. వెనక హోరెత్తే సంగీతం. సంగీతం పక్కకు పెడితే వినబడుతున్నది కోచ్ గొంతే. "సూపర్ మేడమ్!"

తీసింది అతను. ఆ గదిలో నేను నమ్మిన ఒకే ఒక్క మనిషి.

"నేను చూసిన దినమే పోయి కోచ్‌కు చెప్పిన మేడమ్," అందామె. "తీసెయ్ అన్న, మా మేడమ్‌కు తెలిస్తే బాగుండదని. పబ్లిసిటీ కద అక్కా, ఏమైతది అన్నడు. అప్పటికే మన క్లాసు పోరగాళ్ళకు చేరింది."

"నాకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే మీరు రావడం బందు చేస్తరేమో అనుకున్న." స్కూటీ తాళం చేతిలోకి తీసుకుని, "ఇంకోటి మేడమ్, నన్ను చూస్తేనే మీరు మొహం గట్ల పెడుతుంటిరి. ఎట్ల చెప్పాలె?" అని, నేను జవాబు చెప్పేలోగా మెట్లు దిగి, వారాసిగూడ వైపు వెళ్ళే సందులోకి స్కూటీ తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి బాల్కనీ తలుపు మూసుకుని ఆ వీడియో పెట్టుకున్నాను. మొదట చూసినప్పుడు నా నడుమూ, నా మెడా, నా మొహమూ తప్ప ఏమీ కనిపించలేదు. ఫోన్ బోర్లా పెట్టేశాను. కాసేపటికి మళ్ళీ తీశాను. ఈసారి సంగీతం వినపడకుండా చేసి, నెమ్మదిగా చూశాను. ఎవరెవరు నన్ను చూసి నవ్వుతున్నారో వెనకాల అద్దంలో దొరుకుతారని నా ఆశ. పేర్లు తెలియకపోయినా మొహాలు గుర్తుపెట్టుకుందామనుకున్నాను.

ఒక్కరూ దొరకలేదు. నా వెనక యువకుడు తన చేతి కండను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. పెద్దాయన ట్రెడ్‌మిల్ మీద టీవీ చూస్తున్నాడు. బూట్లకు నవ్వారని నేను తేల్చుకున్న ఇద్దరిలో ఒకడు చొక్కా ఎత్తి పొట్ట ఎంత తగ్గిందో చూసుకుంటుంటే, రెండోవాడు అద్దానికి దగ్గరగా వెళ్ళి మీసం సరిచేసుకుంటున్నాడు. అంతమంది ఉన్న ఆ గదిలో నన్ను చూస్తున్నవాళ్ళు ఇద్దరే. ఒకటి కోచ్ కెమెరా, రెండోది నేను.

అప్పుడు గమనించాను నా చెయ్యిని. అది చెవి పక్క నుంచి నిటారుగా పైకి వెళ్ళింది. మోచెయ్యి వంగలేదు. చేస్తున్నప్పుడు అంత ఎత్తు లేచిందని నాకు తెలియనే లేదు. ఆ సమయమంతా వెనకాల ఎవరున్నారో చూసుకోవడానికే సరిపోయింది. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన చూసి, "భుజం బాగైపోయిందే!" అన్నాడు. ఆంటీ పవర్ సంగతి ఆయన కంటికి ఆనలేదో, తెలివిగా ఊరుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

మానేద్దామా అని ఆ రాత్రి అనుకోలేదని అబద్ధం చెప్పను. పొద్దున మెలకువ వచ్చేసరికి మాత్రం కోపమే మిగిలింది. అది బిడియం కన్నా బాగుంది. కోపంలో మనిషి తన బూట్లు ఎలా ఉన్నాయో చూసుకోదు.

కోచ్ ఎప్పటిలాగే ఎదురొచ్చాడు. "రండి మేడమ్! ఇయ్యాల కొంచెం బరువు పెంచుదమా?"

"నా వీడియో తీసేయండి."

నవ్వు కొంచెం సడలింది. "ఏ వీడియో మేడమ్?"

"మీరలా అడగడం నటన అని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నన్ను అడగకుండా తీశారు, అడగకుండా అందరికీ చూపించారు. ఇప్పుడే, నా ఎదురుగా తీసేయండి."

"మేడమ్, మంచిగ పోతున్నది మేడమ్ అది! మీది చూసి మల్కాజ్‌గిరి నుంచి కూడ ఫోన్లు చేసిండ్రు, మా ఏజ్ వాళ్ళకు కూడ నేర్పిస్తరా అని. మిమ్మల్ని గొప్పగనే చూపించిన కద? చెడ్డగ ఏమన్న రాసిన్నా?"

నేను గొంతు పెంచాను. క్లాసులో చివరి బెంచీకి వినబడేలా పలికే గొంతు అది. "గొప్పో, చెడ్డో నేను చెప్పాలి. ఆ మొహం నాది."

హాలంతా ఆగిపోయింది. ఈసారి నిజంగానే అందరూ నావైపు చూశారు. మీసం సరిచేసుకునే కుర్రాడు, పెద్దాయన, అందరూ. ఇన్ని రోజులు నేను భయపడింది ఈ క్షణానికే. వచ్చేసింది. నా కాళ్ళ కింద నేల నేలలాగే ఉంది. పెద్దాయన ట్రెడ్‌మిల్ ఆపి, "తీసెయ్ బాబూ, ఆడవాళ్ళని అడక్కుండా అట్లా పెట్టొచ్చా?" అన్నాడు. కోచ్ గొణుక్కుంటూ ఫోన్ తీసి, నేను చూస్తుండగా తొలగించాడు. వేరే ఎక్కడైనా దాచుకున్నాడేమో నాకు తెలియదు. దాచుకునే ఉంటాడని నా అనుమానం. తరువాత అతను నాతో 'సూపర్' అనడం మానేశాడు. నాకు ప్రాణం హాయిగా ఉంది.

ఇక క్లాసు మిగిలింది. రుతుపవనాల పాఠం చెప్పాల్సిన రోజు. బోర్డు వైపు తిరగబోయి, ఆగాను. వెనక నుంచి వచ్చే ఏ చప్పుడుకైనా మళ్ళీ ఉలికిపడతానని తెలుసు. ఎన్నాళ్ళని ఉలికిపడను?

"తార్నాక జిమ్‌లో నేను బరువులెత్తుతున్న వీడియో ఎవరెవరు చూశారో చేతులెత్తండి," అన్నాను.

కారిడార్‌లో తల గోక్కున్న అబ్బాయి, "ఏమన్న అంటరా మేడమ్?" అని అడిగాడు.

"అనను."

ఒక చెయ్యి లేచింది. తరువాత ఇంకొకటి. చివరికి సగం క్లాసుకు పైగానే లేచాయి. కిటికీ పక్కన చెయ్యి కూడా లేచింది.

"సరే. నవ్విన వాళ్ళు చేతులు అలాగే ఉంచండి."

కొన్ని గబుక్కున దిగిపోయాయి. తల గోక్కున్న అబ్బాయి మాత్రం దించలేదు. "నేను నవ్విన మేడమ్. సారీ. మీరు లేపేటప్పుడు మొహం గట్ల పెట్టిండ్రు కద, మాకు వైవాల ప్రశ్న అడిగేటప్పుడు గదే మొహం పెడతరు. అందుకే నవ్వొచ్చింది."

క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వులో ఎంత ప్రేమ ఉందో, ఎంత ఎగతాళి ఉందో విడదీసి చూడటానికి ప్రయత్నించి వదిలేశాను. రెండూ ఉన్నాయి. ముందు వరసలో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మా అమ్మకు కూడ భుజం లేస్తలేదు. ఆమెను తీసుకపోవచ్చా గాడికి?" అని అడిగింది. ఇదీ వేళాకోళమేనా? ఆమె మొహం పరీక్షగా చూశాను. తేల్చుకోలేకపోయాను. నిజంగానే అడిగిందనుకుని జవాబిచ్చాను. ముందు డాక్టరుకు చూపించమన్నాను, తొందరపడి బరువులెత్తొద్దని చెప్పాను. ఆ అమ్మాయి బుద్ధిగా విని కూర్చుంది. తరువాత బోర్డు వైపు తిరిగి గాలులు ఏ దిక్కు నుంచి వస్తాయో చెప్పడం మొదలుపెట్టాను.

చివరి బెంచీ అమ్మాయితో స్నేహం కుదిరిందని చెప్పలేను. మెట్ల మీద ఆమెను నిలదీసిన సంగతి మా ఇద్దరి మధ్యా చాలా రోజులు అలాగే ఉండిపోయింది. "ఆ రోజు నేను అలా అడగకుండా ఉండాల్సింది," అని ఒకసారి అంటే, "ఏం కాదు మేడమ్," అంది. అన్న తీరులో కొంచెం ఏదో అయిందని తెలుస్తూనే ఉంది. హాజరు విషయంలో మాత్రం ఏ పూట ఏ క్లాసుకు రాగలదో కూర్చుని మాట్లాడుకున్నాం. వచ్చిన రోజు కిటికీ పక్క నుంచి ప్రశ్నలు కూడా అడిగేది.

నేను స్తంభం వెనక నుంచి బయటికి రావడం ఒక్క రోజులో నిర్ణయించుకుని చేసింది కాదు. ఒక పొద్దున అక్కడ ఎవరో ఉంటే మధ్యలో నిలబడ్డాను. ఇంకో రోజు ఎవరూ లేకపోయినా మధ్యలోనే నిలబడ్డాను. ఎవరైనా పక్కన నవ్వితే చెవి అటు వెళ్ళడం ఆగలేదు. వెళ్ళేది, కాసేపు వినేది, తిరిగి వచ్చేసేది.

ఒక పొద్దున ఆ అమ్మాయి బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఛాతీ మీది నుంచి రాడ్ పైకి నెట్టే వ్యాయామం చేస్తోంది. సెలక్షన్ దగ్గర పడుతోంది. కోచ్ అటు చివర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె తల తిప్పి చుట్టూ చూసి, నన్ను పిలిచింది.

"మేడమ్, జర సపోర్ట్ ఇస్తరా? ఇయ్యాల కొంచెం ఎక్కువ వేసిన."

"నాకు రాదే! ఏం చెయ్యాలి?"

"తల దిక్కు నిలబడి, చేతులు రాడ్ కింద పెట్టండి. పట్టుకోవద్దు. నేను ఆగిపోతేనే పట్టాలె."

వెళ్ళి నిలబడ్డాను. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, రెండు చేతులూ రాడ్ కింద దోసిలి పట్టినట్టు పెట్టాను. ఆమె ఊపిరి పీల్చి రాడ్‌ను కిందికి దించింది. పైకి నెట్టింది. మళ్ళీ దించింది. మూడోసారి సగం దాకా లేచి ఆగిపోయింది. మెడ నరాలు తేలాయి. మోచేతులు వణుకుతున్నాయి. పట్టుకోవాలా, ఇంకా ఆగాలా? ఆమె కళ్ళనే చూస్తున్నాను. కళ్ళు 'వద్దు' అన్నాయి.

"నెట్టు!" అని అరిచాను. "నెట్టమ్మా, నెట్టు! ఇంకొంచెం, ఇంకొంచెం! వచ్చేసింది!"

రాడ్ లేచింది. కొక్కేల్లో పడిన చప్పుడు వినేదాకా నా చేతులు దాని కిందే ఉన్నాయి. ఆమె పడుకునే నవ్వుతూ, "మేడమ్, మీ గొంతుకు కింద దోసెలు మాడిపోయి ఉంటయి," అంది.

నా గొంతు నాకే వింతగా అనిపించింది. ఆ అరుపుకు ఎవరెవరు తలలు తిప్పి చూశారో నేను చూడలేదు. చెమట తుడుచుకుని, "ఇంకోసారి చేస్తావా?" అని అడిగాను. ఆమె చేతులు దులుపుకుని మళ్ళీ రాడ్ పట్టుకుంది.